పోలేరయ్య ఒప్పుకున్న నేరం

పశువుల్ని కట్టే పలుపుతాడుతో నలుగురు మనుషుల్ని ఒకే వరసన కట్టి కోట రోడ్డున నడిపించుకుపోతున్నారు. నేను సైకిలు దిగి చూశాను. అప్పటిదాకా కోస్తున్న రాగి వెన్నుల పొట్టు ఇంకా వాళ్ళ తలల్లో ఉంది. ముందు నడుస్తున్నవాడి పేరు సమాధానం, మా కూలి సంఘం మనిషి.

"ఏం చేసినారండీ వీళ్ళు?" అని హెడ్డు కానిస్టేబుల్ని అడిగాను.

"దొంగతనం. దొమ్మీ. పద్మనాభయ్య గారి చేలో పడి పైరు కోసినారు."

"మా చేలో మేం కోసుకున్నాం అన్నా" అన్నాడు సమాధానం.

హెడ్డు వాడి చెంప మీద ఒకటి ఇచ్చాడు. తాడు కదిలి మిగతా ముగ్గురూ తూలారు. రోడ్డు మీద పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది గాని, మండిన ఒంటితో ఆ పూట చేయగలిగిందేమీ లేకపోయింది.

ఇది యాభై తొమ్మిదిలో మాట. సంఘంలో కొత్తగా చేరినవాళ్ళూ, సెలవులకు మా వైపు వచ్చే కాలేజీ పిల్లలూ నన్ను అడుగుతుంటారు, మస్తానన్నా, మీ గూడెం వాళ్ళు కోర్టులో అంత నిబ్బరంగా నిలబడ్డం ఎక్కడ నేర్చుకున్నారని. పుస్తకంలో అయితే కాదు. ఒక ముసలాయన చావు దగ్గర నేర్చుకున్నారు. ఆ ముసలాయన సమాధానం తండ్రి, పేరు పోలేరయ్య.

మా గూడెం సముద్రానికి దగ్గర, ఇసుక దిబ్బల మధ్య ఉంటుంది. ఆ ఇసుకలో మనిషి లోతు తవ్వితే తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఆ గుంటనే దొరువు అంటాం. అందులోకి దిగి రెండు కడవలు ముంచుకుని, పైకెక్కి, మొక్క మొక్కకూ పోసి మళ్ళీ దిగాలి. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా అదే పని. ముళ్ళపొదలు తప్ప ఇంకేమీ మొలవని గవర్నమెంటు బంజరులో గూడెం వాళ్ళు దొరువులు తవ్వి రాగి పండించారు. ముళ్ళపొదలున్నన్ని రోజులూ ఆ నేల ఎవరిదో ఎవరికీ పట్టలేదు. పైరు మోకాలెత్తు లేచాక అది తన తాతల నాటిదని పద్మనాభయ్యకు గుర్తొచ్చింది. కరణం ఆయన మనిషి, మునసబు ఆయన చుట్టం. ఇంకేం కావాలి.

అరెస్టులయిన సాయంత్రమే పద్మనాభయ్య గుమాస్తా కామాక్షయ్య గూడెంలోకి వచ్చాడు. తిట్టడానికి కాదు, చాలా మెత్తగా వచ్చాడు. పోలేరయ్య గుడిసె ముందు నిలబడి పిలిచాడు.

"పోలేరా, పిల్లోళ్ళు తెలివితక్కువ పని చేసినారు. అయ్యగారి మనసు ఇరిగిపోయుండాది. పెద్దతలవి నువ్వుండావు గదా. నీకు దెలీని ఆనవాయితీ ఏముండాది?"

ఆ ఆనవాయితీ ఏమిటో మీకు తెలియాలి. మా గూడెంలో ఎవరు తప్పు చేసినా, ఎవరూ చేయకపోయినా, అయ్యగారికి కోపం వస్తే గూడెంలో అందరికన్నా పెద్దవాడు వెళ్ళి ఆయన వాకిట్లో బోర్లా పడుకునేవాడు. "అంతా నేనే చేసినానయ్యా" అనేవాడు. అయ్యగారు తిట్టినంత తిట్టి, ఎండలో పడుకోబెట్టినంతసేపు పడుకోబెట్టి, లెమ్మనేవాడు. దాంతో సరి. అసలు ఎవరు చేశారని ఇక ఎవరూ అడగరు. చేసినవాడి పేరు బయటికి రాకుండా గూడేన్ని కాపాడే పెద్దరికం అది. ఎద్దు చేలో పడ్డా, కొబ్బరికాయ పోయినా, కుర్రవాడెవడో అయ్యగారి ముందు చెప్పులేసుకుని నడిచినా, పడుకున్నది పోలేరయ్యే. గూడెంలో ఆయనకున్న గౌరవమంతా ఆ పడుకోవడంలోనే ఉంది. తండ్రి నుంచి తనకు వచ్చిన హోదా అని ఆయన అనుకునేవాడు.

"వాకిట్లోకి రావాల్నా అయ్యా?" అని అడిగాడు పోలేరయ్య.

"ఈసారి వాకిట్లో గాదు. టేసన్లో జెప్పాల. అంతా నేనే చేయించినానని జెప్పు. పిల్లోళ్ళని వదిలేస్తారు. నిన్ను నాలుగు తిట్టి పంపిచ్చేస్తారు. పోలేరమ్మ తోడు."

అప్పుడాయన ఆయాసంతో మంచం పట్టి ఉన్నాడు. పైరు కోసిన నాడు ఆయన చేలో లేనే లేడు. అయినా తలగుడ్డ చుట్టుకుని, కర్ర పట్టుకుని, భార్య చెంచమ్మ వద్దంటున్నా వినకుండా స్టేషనుకు పోయాడు. పోయి, గుమ్మం ముందు బోర్లా పడుకుని చెప్పమన్న మాట చెప్పాడు. పోలీసులు ఆయన్ను లేపి లోపల వేశారు. పిల్లల్ని వదల్లేదు. నలుగురి కేసు అయిదుగురి కేసయింది, మొదటి ముద్దాయి పోలేరయ్య.

నేను వకీళ్ళ చుట్టూ తిరిగాను. తాలూకాలో పేరున్న ప్లీడర్లు ఇద్దరూ పద్మనాభయ్య కేసులు చూసేవాళ్ళే. మూడో ఆయన కాఫీ ఇచ్చి మర్యాదగా కూచోబెట్టాడు.

"పెద్దోళ్ళతో తగువు. అడుసు తొక్కడమెందుకు, కాలు కడగడమెందుకు మస్తానయ్యా. తప్పయిందని చెప్పి బయటపడమను" అన్నాడు.

కామాక్షయ్య చెప్పిందీ అదే. వాడు గుమాస్తా, ఈయన పట్టా పుచ్చుకున్న ప్లీడరు. మాట మాత్రం ఒకటే.

చివరికి నెల్లూరులో హజరత్తయ్య గారు దొరికారు. ఇందుకూరుపేట వైపు రైతుబిడ్డ. మోచేతుల దగ్గర నలుపు వెలిసిపోయిన కోటు, గోడకు రిక్షా కార్మికుల సంఘం క్యాలెండరు. నా మాటంతా విని ఒకటే అడిగారు.

"వాళ్ళతో ఎవురన్నా మాట్లాడినారా, ఏం జెప్పాలో ఏం జెప్పకూడదో?"

"లేదండీ."

"ముందు పోయి ఆ మాట జెప్పు. నేనొచ్చిందాకా నోరు విప్పొద్దను. పట్టుకున్న మనిషికి వకీలుతో మాట్లాడుకునే హక్కు ఉండాది. రాజ్యాంగంలోనే రాసుండాది. మీ గూడెం దాకా రాలేదు, అంతే."

సబ్‌జైలు ఊచల దగ్గరికి పోయి చెప్పాను. సమాధానం విన్నాడు, మిగతా ముగ్గురూ విన్నారు. పోలేరయ్య కూడా "అట్నే నాయనా, అట్నే" అని తలూపాడు. అది నన్ను నొప్పించకూడదని ఊపిన తల అని నాకు అప్పుడు తెలియలేదు. నా తర్వాత కామాక్షయ్య పొగాకు పట్టుకుని వచ్చి వెళ్ళాడట. టేసన్లో ఎస్సైకి అధికారం లేదు, కోర్టులో పెద్దాయన ముందర పండుకుంటేనే చెల్లుతుందని చెప్పి పోయాడట.

వాయిదా రోజు గూడెం మొత్తం కోర్టు ముందు ఇసకలో కూచుంది. వకీలు గారు రావాల్సిన నెల్లూరు బస్సు రాలేదు. దారిలో ఎక్కడో టైరు పగిలిందని తర్వాత తెలిసింది. బంట్రోతు పిలిచాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నాను.

మేజిస్ట్రేటు గారు చెడ్డ మనిషేమీ కాదు. కాయితం చదివించి, పుస్తకాల తెలుగులో అడిగారు.

"నీ మీద మోపిన నేరం విన్నావు కదా. నేరం అంగీకరిస్తున్నావా? లేక నిరాకరిస్తున్నావా?"

పోలేరయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. వంగాడు. మోకాళ్ళ మీద కూచున్నాడు. బోనులో చోటు చాలక కాళ్ళు బయటికి వచ్చేలా, కోర్టు నేల మీద బోర్లా పడుకున్నాడు. ఎవరో నవ్వారు. గూడెం వాళ్ళెవరూ నవ్వలేదు.

"అంతా నేనే చేసినానయ్యా. పిల్లోళ్ళకేం దెలీదు."

"లే. లేచి నిలబడి చెప్పు. వకీలును పెట్టుకుంటావా? గడువు కావాలా?"

"నాకెందుకయ్యా వకీలు. చేసినానన్నా గదా. మీరు కసిరితే చాలు. పిల్లోళ్ళని వదిలెయ్యండి."

మేజిస్ట్రేటు గారు మళ్ళీ అడిగారు. ఆయన మళ్ళీ అదే చెప్పాడు. గుమ్మంలోంచి నేను "వకీలు వస్తా ఉండాడండీ" అన్నాను. బంట్రోతు నా రొమ్ము మీద చెయ్యి వేసి వెనక్కి నెట్టాడు. ఆరు నెలల కఠిన శిక్ష పడింది.

సమాధానం ముఖం చూడలేకపోయాను. వాడి వంతు వచ్చినప్పుడు తండ్రి వైపు చూశాడు. తండ్రి ఇంకా నేల మీద నుంచి లేవనే లేదు. ఆయన పక్కన నిలబడి "నేను చెయ్యలేదు" అంటే తండ్రి మాట కాదన్నట్టవుతుంది. చివరికి, "మా వకీలొస్తాడండీ, అప్పుడు జెప్తాం" అన్నాడు. మిగతా ముగ్గురూ అదే అన్నారు. వాళ్ళకు వాయిదా వేశారు.

హజరత్తయ్య గారు బస్సు దిగి పరుగున వచ్చేసరికి పోలేరయ్యను వ్యాను ఎక్కిస్తున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది మా పని. వ్యాను మెట్టు మీద నుంచి ఆయన మమ్మల్ని చూసి ధైర్యం చెబుతున్నట్టు చెయ్యి ఊపాడు. తన పని తాను చేసి పోతున్న మనిషి ముఖం అది.

ఆ వారంలోనే హజరత్తయ్య గారు నలుగురికీ జామీను తెచ్చారు. ఆయన బస్సు కర్చుకైనా మేం ఇవ్వాలి గదా. పద్మనాభయ్య గూడేనికి పని కట్టేయించాడు. కూలి లేదు. అప్పుడు సమాధానం భార్య రెబెక్కమ్మ ఒక మాట అంది. వాళ్ళ చర్చిలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు, ఆదివారం అది దేవుడికి. "దేవుడి కుండ పక్కన ఇంకో కుండ పెడదాం. కోర్టు కుండ" అంది. చర్చికి పోని ఇళ్ళల్లో కూడా కుండ పెట్టారు. బియ్యం లేని ఇంట్లో నూకలు, నూకలు లేని ఇంట్లో తవుడు పడేది. వకీలు గారు తవుడు మాత్రం వద్దన్నారు, మాకు కోడిపిల్లలు లేవమ్మా అని. ఆ ఏడాది మేం నవ్వింది ఆ ఒక్కసారేనేమో.

పోలేరయ్య సంగతి చిక్కుగా ఉందన్నారాయన. "ఒప్పుకున్న మనిషికి అప్పీలు దాదాపు లేనట్టే. అయితే మాయమాటలు జెప్పి ఒప్పిచ్చినారని, చేలో లేని మనిషి అని పైకోర్టులో జెప్పుకోవచ్చు. దానికి ఆయన నోటితో నేను చెయ్యలేదనాల. కాయితం మీద వేలిముద్ర ఎయ్యాల."

జైలుకు నేను, సమాధానం, రెబెక్కమ్మ పోయాం. తీగల తడిక అవతల ఆయన్ను తెచ్చి నిలబెట్టారు. మనిషి సగమయ్యాడు. మాట మాటకూ ఊపిరి అందుకుంటున్నాడు. తడిక ఇవతల కొడుకును చూడగానే ముఖం వెలిగింది.

"వదిలేసినారా అబ్బయా? చూసినావా మస్తానయ్యా. నువ్వు వకీలు వకీలన్నావు. పెద్దతల దిగితే కోర్టయినా యినాల్సిందే."

సమాధానం తల వంచుకున్నాడు. ఆ సంతోషం ఆయనకున్న ఒకే ఒక ఆస్తి. దాన్ని లాక్కుంటే తప్ప ఆయన్ను బయటికి తెచ్చుకోలేం. ఆ పని మగవాళ్ళం ఇద్దరం చేయలేకపోయాం. రెబెక్కమ్మ తడిక దగ్గరికి జరిగింది.

"వదల్లేదు మామా. జామీను మీద బయట ఉండారు. కేసు అట్నే ఉండాది. బయటికి తెచ్చింది వకీలు."

"మరి నేను ఒప్పుకున్నా గదా?"

"నువ్వు ఒప్పుకున్నందుకు నిన్ను లోపలేసినారు. అంతే మామా."

ఆయన తడిక పట్టుకున్నాడు.

"కామాక్షయ్య పోలేరమ్మ మీద ఒట్టేసినాడే" అన్నాడు. మళ్ళీ తనే, "అయితే నేను పండుకున్నది ఊరికేనా?" అన్నాడు.

ఒక మనిషి బతుకంతా నమ్ముకున్నది ఆ తడిక దగ్గర కూలిపోవడం చూశాను. వార్డరు టైమయిందని దగ్గాడు.

"ఇప్పుడేం జెప్పమంటావమ్మా?"

"నేను చెయ్యలేదని జెప్పు మామా."

"పెద్దమనిషి ముందర చేసినానని జెప్పి, ఇప్పుడు గాదంటే అబద్ధమాడినట్టు గాదా?"

"ముందర జెప్పింది అబద్ధం మామా. ఇదే నిజం."

ఆయన పెదవులు కదిలాయి. "నేను చెయ్యలేదు" అన్నాడు, మాకు వినపడీ వినపడనట్టు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆ మాట అనడం అదే మొదలు. జైలరు చూస్తుండగా వేలిముద్ర వేశాడు. తీసుకుపోతుంటే వెనక్కి తిరిగి, "మనోళ్ళని ఇంకెవురినీ పండుకోబాకండని జెప్పు" అన్నాడు.

కాయితం పైకోర్టుకు పోయింది. అది విచారణకు రాకముందే జైలు ఆసుపత్రిలో ఆయన ప్రాణం పోయింది. ఒప్పుకున్న నేరం అలాగే ఆయన పేరు మీద ఉండిపోయింది.

ఎద్దుబండిలో తెచ్చి దొరువు గట్టున పూడ్చాం. ఆ ఇసుకను తవ్వడం గూడెం వాళ్ళకు కొత్త కాదు గాని, ఆ రోజు పారలు ముందుకు పడలేదు. కామాక్షయ్య దూరంగా గొడుగు వేసుకుని నిలబడ్డాడు. చెంచమ్మ లేచి ఆయన దగ్గరికి పోయింది. ఎప్పుడూ అయ్యా అనే మనిషి, ఆ రోజు అనలేదు.

"కామాక్షయ్యా, పోలేరమ్మ మీద ఒట్టేసినావంట. నిజమేనా?"

ఆయన గొడుగు ముడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి చాటుగా కాదు, మర్నాడు పట్టపగలు గూడెం నడుమ మీటింగు పెట్టాం. అంతా వీరుల మాటలే మాట్లాడారని మీతో అబద్ధం చెప్పను. నలుగురు ముద్దాయిల్లో ఒకడు చిన్నపోలయ్య. వాడే లేచి అన్నాడు.

"ఒక మనిషి పోయినాడు. ఇంక చాలన్నా. దొరువులు అయ్యగారికే ఇచ్చేద్దాం. బతికుంటే కూలి చేసుకుంటాం."

"ఇచ్చేస్తే కేసు తీసేస్తాడా?" అంది రెబెక్కమ్మ.

"తీసేస్తానని కబురు జేసినాడు."

"మామతో గూడా అట్నే జెప్పినారు గదా."

చిన్నపోలయ్య కూచున్నాడు. ఏడ్చాడు. వాడు పిరికివాడు కాదు, ఇంట్లో పసిబిడ్డకు పాలు లేవు. వాడి పక్కన వాళ్ళు వాడి భుజం మీద చెయ్యి వేశారు. దాని తర్వాత మాట తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. దొరువులు వదలొద్దు. కుండ ఆపొద్దు. ఎవరిని పట్టుకున్నా వకీలు వచ్చేదాకా నోరు విప్పొద్దు. పడుకోవద్దు.

వానలు పడ్డాక మళ్ళీ రాగి వేశాం. ఈసారి ఆడా మగా గూడెం మొత్తం దిగి నీళ్ళు మోసింది. వెన్నులు ముదిరే వేళకు పద్మనాభయ్య మనుషులు వచ్చి దొరువుల్లోకి ఇసుక తోశారు. ఆడవాళ్ళు అడ్డం పడ్డారు. సాయంత్రానికి పోలీసులు వచ్చి చెంచమ్మతో సహా దొరికినవాళ్ళందర్నీ పట్టుకుపోయారు. పాత కేసు తెమలకముందే దొమ్మీ కేసు ఇంకొకటి అయింది.

అదే కోర్టు. అదే బంట్రోతు. కామాక్షయ్య వరండాలో చెంచమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా ఏదో చెప్పడం చూశాను. ఇప్పుడు గూడెంలో అందరికన్నా పెద్దది ఆమే. నేను రోడ్డు వైపు చూశాను. నెల్లూరు బస్సు మళ్ళీ రాలేదు.

మొదట ఆమెనే పిలిచారు. బోనులోకి పోయి నిలబడింది. మేజిస్ట్రేటు గారు ఆమె వైపు చూశారు, బోను ముందు నేల వైపు చూశారు. ఆయనకూ గుర్తుందనుకుంటాను.

"నేరం అంగీకరిస్తున్నావా?"

చెంచమ్మ కొంగు నడుముకు బిగించింది. వంగి, రెండు చేతులతో బోను చెక్కను పట్టుకుంది. ఆమె ఆ చెక్క ఆసరాతో వెన్ను నిటారుగా చేసుకుంది.

"నేను చెయ్యలేదయ్యా. మా ఆయన గూడా చెయ్యలేదు. ఆ పొద్దు ఇక్కడ పండుకుని మీకు అబద్ధం జెప్పినాడు."

మేజిస్ట్రేటు గారు చేతిలో కలం కింద పెట్టారు.

"ఆ కేసు వేరమ్మా. అది ముగిసింది" అన్నారు మేజిస్ట్రేటు గారు. ఆయన గొంతు కాస్త తగ్గింది. "నీకు వకీలు ఉన్నాడా?"

"ఉండాడయ్యా. బస్సులో వస్తా ఉండాడు."

"ఆయన వచ్చేదాకా అక్కడ బల్ల మీద కూచో."

"కూచోనయ్యా. నిలబడే ఉంటా."

వెనక ముద్దాయిలందరూ లేచారు. రెబెక్కమ్మ, చిన్నపోలయ్య భార్య, నీళ్ళు మోసి చేతులు కాయలు కాసిన ఆడవాళ్ళు, మగవాళ్ళు. చూడటానికి వచ్చిన గూడెం వాళ్ళు కూడా లేచారు. బంట్రోతు కూచోమన్నాడు. ఎవరూ గొడవ చేయలేదు, ఎవరూ కూచోలేదు. బయట ఇసకలో ఉన్నవాళ్ళూ లేచి నిలబడటం కిటికీలోంచి కనిపించింది. వాళ్ళ మధ్య కోర్టు కుండ ఉంది, మూతికి గుడ్డ కట్టి.

మధ్యాహ్నం దాటాక బస్సు వచ్చింది. హజరత్తయ్య గారు చెమటతో తడిసిన కోటు సర్దుకుంటూ గుమ్మంలోకి అడుగు పెట్టారు. చెంచమ్మ ఆయన్ను చూసింది. చేతులు చెక్కను వదల్లేదు.

"వచ్చినావా నాయనా" అంది. "మేం ఎవురం ఏం ఒప్పుకోలేదు."